ఈస్టర్ లిల్లీలు, ఒక నోటుపుస్తకం: మిషిగన్ గ్రీన్‌హౌస్‌కి కోవిడ్ సాయం ఎలా లెక్కకట్టాం

2020 ఏప్రిల్ 9, గురువారం. రాత్రి భోజనాల వేళ ఫోన్ మోగింది. "అక్కా, ఇంక మొక్కలు అమ్మకూడదని గవర్నర్ ఆర్డర్ ఇచ్చారంట. నా బెంచీల మీద మూడు వేల లిల్లీలు విచ్చుకుని కూర్చున్నాయి. ఆదివారమే ఈస్టర్. ఏం చెయ్యమంటారు?"

ఆ రాత్రి నా దగ్గర జవాబు లేదు. ఒక్క మాట మాత్రం చెప్పాను. "పారేసే ముందు లెక్కపెట్టమ్మా. ఏ బెంచీ మీద ఎన్ని ఉన్నాయో తారీఖు వేసి రాసుకో, ఫోటోలు తీసుకో." అప్పటికి పూలమొక్కలకు ప్రభుత్వ సాయం ఒకటి వస్తుందని నాకూ తెలియదు. పంట పోయినప్పుడు ముందు కాగితం పుట్టించాలన్నది వ్యవసాయ ఖాతాలు చూసేవాళ్లకు అలవాటైపోయిన పని. నాలుగైదు నెలల తర్వాత ఆ రాతే పనికొచ్చింది.

నేను అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో చిన్న పొలాలకు, నర్సరీలకు పన్నులు, ఖాతాలు చూస్తాను. ఈ కేసు ఆ కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరు, మనుషుల ఆనవాళ్లు మార్చాను, అంకెలు కాస్త సర్దాను. లెక్క కట్టిన పద్ధతి మాత్రం జరిగింది జరిగినట్టే ఉంది.

ఆ రాత్రి ఫోన్ చేసినావిడ భర్తది కడియం దగ్గర పల్లె, నర్సరీలోనే పుట్టి పెరిగిన మనిషి. 2016లో దంపతులిద్దరూ కలమజూ ప్రాంతంలో ఒక పాత గ్రీన్‌హౌస్ కొన్నారు. డచ్ మూలాలున్న ఒక ముసలి జంట పిల్లలెవరూ ఆ పని అందుకోకపోవడంతో అమ్మేసిన ఆస్తి అది. ఆ చుట్టుపక్కల వసంతకాలపు పూలనారు పెంచడం తరాలుగా ఉన్న పని. కంపెనీ ఎల్‌ఎల్‌సీ, అంటే సభ్యుల వాటాలతో నడిచే పరిమిత బాధ్యత సంస్థ. భార్యాభర్తలకు చెరి 35 శాతం, పెట్టుబడి పెట్టినందుకు ఆవిడ తమ్ముడికి 30 శాతం. దంపతులకు గ్రీన్‌కార్డు ఉంది. తమ్ముడు హెచ్-1బీ మీద ఐటీ ఉద్యోగంలో ఉన్నాడు. ఈ వాటాల సంగతి గుర్తుంచుకోండి, తర్వాత దీనితోనే చిక్కొచ్చింది.

ఈస్టర్ లిల్లీ సంగతి తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. దాని దుంపలు దాదాపు అన్నీ కాలిఫోర్నియా, ఓరెగాన్ సరిహద్దులోని సముద్రతీరపు పొలాల నుంచే వస్తాయి. శరదృతువులో తెచ్చి, కొన్ని వారాలు చల్లగా ఉంచి, తర్వాత గ్రీన్‌హౌస్‌లో వెచ్చదనం ఇస్తారు. ఈస్టర్ తేదీ ఏటా మారుతుంది కాబట్టి మొక్కకు ఎన్ని ఆకులు విడివడ్డాయో లెక్కపెడుతూ వేడి పెంచుతారు, తగ్గిస్తారు. ఇంత పాటుపడేది ఆ ఒక్క వారంలో పూలు విచ్చుకోవడానికే. చర్చిల్లో వేదిక ముందు వరసగా పెట్టడానికి, పోయినవాళ్ల పేరు మీద ఇవ్వడానికి కొంటారు. ఆదివారం దాటాక దాన్ని అడిగేవాళ్లుండరు. మనకు చవితి మర్నాడు పత్రి ఎవరు కొంటారు?

ఆ ఏడాది ఈస్టర్ ఏప్రిల్ 12. మార్చి 24 నుంచే మిషిగన్‌లో అందరూ ఇళ్లలో ఉండాలన్న ఉత్తర్వు అమల్లో ఉంది. చర్చిలు ఆరాధనలు ఆపేసి ఆర్డర్లు రద్దు చేసుకున్నాయి. ఏప్రిల్ 9న గవర్నర్ గ్రెచెన్ విట్మర్ ఇచ్చిన కొత్త ఉత్తర్వుతో పెద్ద దుకాణాల్లో మొక్కల విభాగాలు కూడా మూతపడ్డాయి. మళ్లీ నర్సరీలకు వీలు దొరికింది ఏప్రిల్ 24న. మధ్యలో పోయింది రెండు వారాలే, కానీ ఈస్టర్ వచ్చింది ఆ రెండు వారాల్లోనే.

వాళ్లు 5,000 కుండీలు పెంచారు. 300 అమ్ముడయ్యాయి. 1,600 ఏప్రిల్ మొదట్లోనే రెండు సూపర్ మార్కెట్లకు వెళ్లాయి. వాటికి "స్కాన్ అయితేనే డబ్బు" అన్న ఒప్పందం. అంటే కౌంటర్ దగ్గర కొన్న మొక్కకే పెంచినవాడికి డబ్బు, అమ్ముడుపోనిది పెంచినవాడి నష్టం. అవి దుకాణాల్లోనే వాడిపోయాయి. మిగిలిన 3,100 బెంచీల మీదే ఉండిపోయాయి, పక్కన 600 హైడ్రేంజియా పూలకుండీలు.

మొదటి విడత

ఏప్రిల్ 17న అప్పటి అమెరికా వ్యవసాయ మంత్రి సోనీ పెర్డ్యూ 1,900 కోట్ల డాలర్ల సాయం ప్రకటించారు. అందులో 1,600 కోట్లు రైతులకు నేరుగా ఇచ్చేవి, మిగతాది ఆహారపు పెట్టెల కొనుగోలుకు. దీని పేరు కరోనావైరస్ ఫుడ్ అసిస్టెన్స్ ప్రోగ్రామ్, మేం వాడుకలో సీఫ్యాప్ అంటాం. మే 26న దరఖాస్తులు మొదలయ్యాయి. జాబితా తెరిచి చూస్తే మొక్కజొన్న ఉంది, పాలు ఉన్నాయి, పశువులు ఉన్నాయి, కూరగాయలూ పండ్లూ ఉన్నాయి. పూలూ నర్సరీ మొక్కలూ లేవు. వ్యవసాయ శాఖ జూన్ 22 దాకా సమాచారం పంపమని అడిగింది. పెంపకందారుల సంఘాలు లెక్కలు పంపాయి. ఆగస్టు 11న పూలు, నర్సరీ మొక్కలు జాబితాలోకి వచ్చాయి. గడువేమో సెప్టెంబరు 11. మొక్కజొన్న రైతుకు మూడు నెలలకు పైగా దొరికితే పూలవాళ్లకు దొరికింది ఒక్క నెల. పైగా వ్యవసాయ శాఖ కౌంటీ ఆఫీసు గడప ఎన్నడూ తొక్కనివాళ్లు నర్సరీల్లోనే ఎక్కువ. వీళ్ల పేరు అక్కడి రికార్డుల్లోనే లేదు. పేరు నమోదు, ఎల్‌ఎల్‌సీ సభ్యుల వివరాలు, ఆదాయ పరిమితి ధ్రువీకరణ, నేల సంరక్షణ పత్రం, బ్యాంకు ఖాతా పత్రం అన్నీ కొత్తగా నింపాలి. ఆఫీసులోకి మనుషుల్ని రానిచ్చే రోజులు కావు. ఫోను, ఈమెయిలు, ఆన్‌లైన్ సంతకాలతోనే నడిపించాం.

మొక్కలకు పెట్టిన సూత్రంలో రెండు భాగాలున్నాయి. జనవరి 15 నుంచి ఏప్రిల్ 15 లోపు పొలం దాటి వెళ్లి, బజారు పోయిన కారణంగా పాడైన లేదా డబ్బు రాని సరుకుకు హోల్‌సేల్ విలువలో 15.55 శాతం. అదే కాలంలో అమ్మకానికి సిద్ధమై, బజారు పూర్తిగా పోవడం వల్ల ఏప్రిల్ 15కి కూడా పొలంలోనే ఉండి, ఇక ఎప్పటికీ అమ్ముడుపోని సరుకుకు 13.45 శాతం.

నా అభిప్రాయంలో మొదటి విడతలో చాలా నర్సరీలు తప్పిపోయింది "సిద్ధమై" అన్న మాట దగ్గరే. ఈ ప్రాంతంలో పెట్యూనియా, బంతి, టమాటా నారు ఏప్రిల్ 15కి అమ్మే స్థితికి రావు. మే నెలలో మదర్స్ డే చుట్టూ వాటి గిరాకీ. "బజారంతా మూసి ఉంటే నా పెట్యూనియాలకు నష్టం కాదా?" అని ఆయన అడిగారు. నష్టమేనన్న భయం నిజమే కానీ ఈ సూత్రం ప్రకారం కాదని చెప్పాల్సొచ్చింది. తర్వాత మేలో అవన్నీ అమ్ముడయ్యాయి కూడా. ఇళ్లలో కూర్చున్న జనం తోటపని మీద పడ్డారు, మే మూడో వారానికి టమాటా నారు దొరకలేదు. భయపడి వాటిని ఏప్రిల్ నష్టంలో రాసి ఉంటే మేలో వాటి అమ్మకం బిల్లులే మా మీద సాక్ష్యం చెప్పేవి.

లిల్లీల విషయంలో అలాంటి సందేహమే లేదు. లెక్క ఇలా తేలింది. సూపర్ మార్కెట్లకు వెళ్లిన లిల్లీలు 1,600, ఒక్కోటి 5.50 డాలర్ల చొప్పున 8,800. వాటితో పాటు వెళ్లిన తులిప్ కుండీల విలువ 800. కలిపి 9,600 డాలర్లు, దాని మీద 15.55 శాతం అంటే 1,493. బెంచీల మీద మిగిలిన లిల్లీల విలువ 17,050, హైడ్రేంజియాలు తొమ్మిదేసి డాలర్ల చొప్పున 5,400. కలిపి 22,450, దాని మీద 13.45 శాతం అంటే 3,020. మొత్తం సుమారు 4,512 డాలర్లు. పోయిన సరుకు హోల్‌సేల్ విలువేమో 32,050. దుంపల బిల్లు ఒక్కటే 5,200. దుంపల ఖర్చు కూడా పూడలేదు.

ఈ లెక్కకు ఆధారం ఆవిడ నోటుపుస్తకం. ఆ గురువారం రాత్రి రాయడం మొదలుపెట్టి చెత్తకుప్పలో పోసిన రోజు దాకా రాసింది. "4వ బెంచి, లిల్లీ 220, పూర్తిగా విచ్చినవి. 5వ బెంచి, 245, రెండు మొగ్గలు." అంతా తెలుగులోనే. ఏప్రిల్ 14 పేజీలో ఒక మూలన "అమ్మకి చెప్పలేదు" అని కూడా ఉంది. ఆ పేజీని ఇంగ్లీషులోకి మార్చి జతచేసినప్పుడు ఆ ముక్క వదిలేశాను. అది ప్రభుత్వానికి చెప్పాల్సిన మాట కాదనిపించింది.

ముప్ఫై శాతం

సభ్యుల వివరాల పత్రం దగ్గర తమ్ముడి సంగతి వచ్చింది. ఈ సాయానికి పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు అర్హులు. ఆ రెండూ కానివాళ్లను వ్యవసాయ శాఖ నిబంధనలు విదేశీ వ్యక్తిగా చూస్తాయి. వీసా మీద ఉండి, పన్నులు కడుతున్నా సరే. కంపెనీలో అలాంటివాళ్ల వాటా 10 శాతం మించితే కంపెనీ మొత్తానికే అనర్హత. దాటే దారులు రెండు. ఆ సభ్యుడు భూమి, పెట్టుబడి, చెప్పుకోదగ్గ సొంత శ్రమ, మూడూ పెట్టి ఉండాలి. లేదంటే అర్హత ఉన్న సభ్యుల వాటా మేరకు మాత్రమే ఇవ్వమని అడుక్కోవాలి.

"వాడు శనాదివారాలు వచ్చి ట్రక్కులు ఎక్కించేవాడు కదండీ, అది శ్రమ కాదా?" అన్నారాయన. హెచ్-1బీ మీద ఉన్న మనిషి తనను స్పాన్సర్ చేసిన కంపెనీకి తప్ప ఇంకెక్కడా పని చెయ్యకూడదు. పెట్టుబడి పెట్టొచ్చు, లాభంలో వాటా తీసుకోవచ్చు, ట్రక్కు ఎక్కించకూడదు. కొన్ని వేల డాలర్ల కోసం ఒక ప్రభుత్వ పత్రం మీద "ఇక్కడ పనిచేశాను" అని రాసి సంతకం పెడితే ఆ పిల్లాడి గ్రీన్‌కార్డుకే ముప్పు. ఆ మాట అనేసరికి ఆవిడ కళ్లు తుడుచుకుంది. అప్పటినుంచి తమ్ముణ్ణి గ్రీన్‌హౌస్ పనికి పిలవలేదు.

ఇంకో మాట కూడా అడిగారు. "వాటాలు ముందే మార్చుకున్నట్టు కాగితం రాసుకుంటే?" పాత తారీఖు వేసి ఒప్పందం రాయడం నేను చెయ్యను, చెయ్యనివ్వను. మన తెలుగు కుటుంబాల్లో బావమరిది, తోడల్లుడు, మరిది కలిసి పెట్టుబడి పెట్టి కొన్న పొలాలు, నర్సరీలు ఈ దేశంలో పెరుగుతున్నాయి. కాగితం మీద ఎవరి వాటా ఎంత, ఎవరి వీసా ఏమిటి అన్నది కంపెనీ పెట్టిన రోజే వ్యవసాయ శాఖ నిబంధనలతో పోల్చి చూసుకోమని అందరికీ చెబుతున్నాను. ఇక్కడ 70 శాతానికే అడిగాం. 4,512 కాస్తా 3,159 అయింది. వంద డాలర్ల లిల్లీలు పోతే పది డాలర్లు కూడా రాలేదన్నమాట.

రెండో విడత

సెప్టెంబరు 21న రెండో విడత మొదలైంది, డిసెంబరు 11 దాకా. దీని లెక్కే వేరు. నష్టం ఎంత అని అడగలేదు. 2019లో మీరు పెంచి అమ్మిన సరుకు విలువ ఎంత అని అడిగారు, అంతే. మొదటి 49,999 డాలర్ల మీద 10.6 శాతం, అక్కణ్ణుంచి 99,999 దాకా 9.9, ఆ పైన 4,99,999 దాకా 9.7, 9,99,999 దాకా 9.0, పది లక్షలు దాటిన దాని మీద 8.8.

2019లో కంపెనీకి వచ్చింది 6,12,000. దాన్నే పెట్టెయ్యమని ఒక స్నేహితుడు సలహా ఇచ్చాడట. అలా పెడితే 59,130 వస్తుంది. కానీ ఇతరుల దగ్గర కొని అమ్మిన సరుకు, సరుకు మీద అదనంగా చేసిన పనికి వచ్చిన డబ్బు లెక్కలోకి రావు. అందుకే విడదీశాం. ఓరెగాన్ నుంచి తెప్పించి నేరుగా అమ్మిన చెట్లు, పొదలు 1,48,000. కుండీలు, మట్టి, ఎరువులు 61,000. ఇళ్ల ముందు మొక్కలు నాటిపెట్టినందుకు కూలి 39,000. తాము పెంచి అమ్మినవి 3,64,000.

విడదీయగలగడానికి కారణం 2019 జనవరిలో మేం చేసిన ఒక చిన్న మార్పు. బిల్లింగ్ యంత్రంలో "మనం పెంచింది", "కొన్నది" అని రెండు కోడ్‌లు పెట్టించాను. అప్పుడు నా ఉద్దేశం అమ్మకపు పన్ను, లాభాల శాతం చూసుకోవడమే. 2021 ఆగస్టులో నిబంధనలు మార్చి 2019 బదులు 2018 అమ్మకాలు చూపొచ్చన్నారు. మొత్తం చూస్తే 2018 కాస్త మెరుగే. కానీ ఆ ఏడాదికి ఆ కోడ్‌లు లేవు. ఏది పెంచింది, ఏది కొన్నది అని ఊహించి రాయాలి. ఆ అవకాశం వదిలేశాం.

మధ్యస్థంగా ఉన్నవే కష్టం. ప్లగ్ ట్రేల్లో చిన్న నారు కొని పది, పన్నెండు వారాలు పెంచినవి మా పెంపకమే అనుకున్నాం. పూసిన మొక్క తెచ్చి వారంలో అమ్మితే అది వ్యాపారం. చిన్న కుండీలో కొన్న పొదను పెద్ద కుండీలోకి మార్చి ఒక సీజన్ ఉంచినవాటిని లెక్కలోకి తీసుకున్నాం. అదే పొద మూడు వారాలుండి వెళ్లిపోతే తీసుకోలేదు. ఈ గీత ఎక్కడ గీశామో, ఎందుకో ఒక పేజీ రాసి ఫైల్‌లో పెట్టాం, కౌంటీ ఆఫీసుకూ ఈమెయిల్ చేశాం.

3,64,000 మీద శ్లాబుల ప్రకారం 5,300, 4,950, 25,608. మొత్తం 35,858. అందులో 70 శాతం 25,101 డాలర్లు.

ఆ డబ్బు పడిన రోజు ఆయన అడిగిన ప్రశ్న నాకిప్పటికీ గుర్తుంది. "లిల్లీలు పోయినప్పుడు మూడు వేలిచ్చారు. మేలో బాగా అమ్ముకున్నాక పాతిక వేలిచ్చారు. ఇది తీసుకోవచ్చాండీ?" ఆ ఏడాది మొత్తం అమ్మకాలు 2019 కంటే తగ్గలేదు, నిజమే. కానీ రెండో విడత ఉద్దేశం సాగుతున్న బజారు ఇబ్బందులకు, అదనపు మార్కెటింగ్ ఖర్చులకు తోడ్పడటం. వాళ్లు ఆన్‌లైన్ ఆర్డర్లు పెట్టారు, కార్ల దగ్గరికి తీసుకెళ్లి ఇచ్చారు, ఇద్దరు మనుషుల్ని అదనంగా పెట్టుకున్నారు. తీసుకోవచ్చని చెప్పాను, ఇప్పటికీ అదే చెబుతాను. అయినా ఈ తూకం సరిగా లేదన్నదే నా నమ్మకం. కళ్లముందు కుళ్లిపోయిన పంటకు పదో వంతు ఇచ్చి, నిలదొక్కుకున్నాక దానికి ఎనిమిది రెట్లు ఇవ్వడం ఆపదలో ఆదుకోవడం కాదు. బెంచీల మీద సరుకు పోయిన ఏప్రిల్‌లో చేతిలో పదివేలుంటే వాళ్లు క్రెడిట్ కార్డు మీద జీతాలిచ్చేవాళ్లు కాదు.

అదే రోజుల్లో కర్ణాటక ప్రభుత్వం మరో దారి పట్టింది. 2020 మే 6న పూలరైతులకు హెక్టారుకు 25,000 రూపాయలు, గరిష్ఠంగా ఒక హెక్టారుకు అని ప్రకటించింది. చిక్కబళ్లాపుర, కోలారు వైపు తెలుగు మాట్లాడే పూలరైతులు ఎందరో ఉన్నారు. ఎకరాల లెక్క సులువు, బిల్లులు అక్కర్లేదు. కానీ పాలీహౌస్‌లో గులాబీ పెట్టినవాడి ఖర్చూ, ఆరుబయట చామంతి వేసినవాడి ఖర్చూ ఒకటి కాదు. విస్తీర్ణం మీద ఇచ్చినా, అమ్మకాల మీద ఇచ్చినా పోయిన పంటతో ముడి తెగిపోతుంది. ఆ ముడి ఉన్నది మా మొదటి విడత సూత్రంలోనే. అది తప్పు సూత్రం కాదు, శాతం చాలలేదు.

పన్ను సంగతి రెండు మాటల్లో. ఈ సాయం పన్ను వేసే ఆదాయమే, వ్యవసాయ కార్యక్రమాల చెల్లింపుల కింద షెడ్యూల్ ఎఫ్ అనే వ్యవసాయ ఆదాయపు పన్ను పత్రంలో చూపాలి, స్వయం ఉపాధి పన్ను కూడా పడుతుంది. కోవిడ్ వేళ జీతాలివ్వడానికి ప్రభుత్వం ఇప్పించిన పీపీపీ అప్పు మాఫీ అయితే దానికి పన్ను లేదు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి చాలామంది ఇబ్బంది పడ్డారు.

తనిఖీ

దరఖాస్తు వేళ రుజువులు అడగలేదు, సంతకమే హామీ. కానీ రికార్డులు మూడేళ్లు దాచాలన్నారు, అడిగితే చూపాలన్నారు. 2022లో మా ఫైల్ తనిఖీకి ఎంపికైందని ఉత్తరం వచ్చింది. దుంపల ఇన్‌వాయిస్‌లు, ట్రక్కు రశీదులు, సూపర్ మార్కెట్ల స్కాన్ నివేదికలు, తారీఖులున్న ఫోటోలు, నోటుపుస్తకం నకలు, దాని అనువాదం, 2019 బిల్లింగ్ నివేదిక పంపాం. లిల్లీల విషయంలో ఒక్క ప్రశ్న రాలేదు.

తప్పు ఇంకోచోట దొరికింది, అది నాదే. 2019 నవంబరులో ఒక రాత్రి హీటర్ ఆగిపోయి ఒక వరస పాయిన్‌సెట్టియాలు, అంటే క్రిస్మస్‌కి అమ్మే ఎర్రాకుల మొక్కలు, చచ్చిపోయాయి. క్రిస్మస్ ఆర్డర్లు తప్పకూడదని వాళ్లు మరో గ్రీన్‌హౌస్ నుంచి పూసిన మొక్కలు కొని ఇచ్చారు. అమ్మింది 6,400 డాలర్లకు. బిల్లింగ్‌లో పాత కోడ్ మీదే, "మనం పెంచింది"గానే వెళ్లాయి. కొనుగోలు బిల్లు నా దగ్గరికి వచ్చింది, నేను ఖర్చులో రాశాను కూడా. అమ్మకాలతో జతచేసి చూడలేదు. 6,400 మీద 9.7 శాతం 621, అందులో 70 శాతం 435 డాలర్లు వడ్డీతో తిరిగి కట్టాం. ఆ వడ్డీ నా ఫీజులోంచి తగ్గించుకోమన్నాను. మొదట ఒప్పుకోలేదు, పట్టుబట్టాక తీసుకున్నారు.

అప్పటినుంచి ప్రతి నర్సరీ ఖాతాలో కొనుగోలు బిల్లుల్లో పూసిన మొక్కలు కనిపిస్తే, అదే నెల అమ్మకాల్లో వాటి కోడ్ వెతుకుతాను. ఆవిడ కూడా కొత్త నోటుపుస్తకంలో ఒక గడి అదనంగా గీసింది. పైన "ఎక్కడిది" అని రాసి ఉంటుంది. కింద ప్రతి బెంచీకి "మనది" అనో, కొన్న ఊరి పేరో.